ఎనిమిదో బొమ్మ

దయ్యాలంటే నాకెప్పుడూ భయం లేదు. తేళ్ళకూ, ఉరుములకూ, లెక్కల అయ్యవారికీ తోటి పిల్లలు ఎంత భయపడ్డారో నేనూ అంతే భయపడ్డాను. నేను ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని భయపడింది ఒక బొంతకు. ఈ సంగతి పదిమందిలో చెబితే నవ్వుతారని ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను. డెబ్బై వచ్చాక ఎక్కడెక్కడి కుట్లో ఊడిపోతున్నాయి, అందులో నోటిది మొదటిది.

మొన్న పులివెందుల నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. "రత్నా, జేజి బొంత జూసేదానికి తిరపతి నుంచి ఒగ మేడం వస్తాండాది. పాత గుడ్డలకు వయసు కట్టడమే ఆయమ్మ పనంట. వయసు తేలితే మ్యూజియంలో పెడతారంట. మా అమ్మేమో రత్న రాకుండా పెట్టె తెరిచేది ల్యా అంటాంది. రేపు రా," అన్నాడు. వస్తాను బావా అన్నాను. ఫోన్ పక్కన పెట్టి చూసుకుంటే అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా పిల్లలకు మూఢనమ్మకాల మీద పాఠాలు చెప్పినదాన్ని నేను. పాఠం పిల్లలతో పోయినట్టుంది, భయం మాత్రం నా దగ్గరే మిగిలింది.

మామూలు బొంతకు ఎవరు భయపడతారు? నాలుగు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, నిలువునా కుట్టుకుంటూ పోతే బొంత అయిపోతుంది. మా జేజి బొంత అట్లాంటిది కాదు. జేజి అంటే మా నాన్నను కన్నతల్లి. తెల్లటి ముతక గుడ్డ పరిచి, దానిమీద రంగు గుడ్డల్ని ఏనుగుగా, చిలకగా, ఎద్దుగా కత్తిరించి పెట్టి, అంచుల్ని గోటితో లోపలికి మడిచి, కంటికి ఆననంత సన్నటి కుట్టుతో అతికించేది. బొమ్మ చుట్టూ మళ్ళీ చెరువులో రాయి వేసినట్టు వరసలు వరసలుగా కుట్టు. ప్రొద్దుటూరులో మాది ముందు బట్టల అంగడి, వెనక ఇల్లు. అంగట్లో కుట్టుమిషను ఉన్నా జేజి దాన్ని బొంత ఛాయలకు రానిచ్చేది కాదు. అన్నాలు అయినాక, నోట్లో వక్క వేసుకుని, నడవలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఎడమ భుజం మీద కొంగులో ఎప్పుడూ రెండు సూదులు గుచ్చి ఉండేవి. ప్రేమ పుట్టుకొచ్చి వాటేసుకున్న ప్రతిసారీ నాకు గుచ్చుకునేవి. ప్రేమ అంటే కాస్త రక్తం వస్తుందని అందుకే నాకు చిన్నప్పుడే తెలుసు.

ఆమె దగ్గర ఆముదం వాసన, అంగట్లో కొత్త తానుల గంజి వాసన, వంటింట్లో జొన్నరొట్టె కాలే వాసన, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరే వాసన, ఇవి కలిస్తే మా ఇల్లు. బొంత ఉన్న పెట్టెది మాత్రం వేరే వాసన. ఎండిన వేపాకు, కర్పూరం. ఆ బొంతను ఎవరూ కప్పుకోవడం నేను చూడలేదు. ఏడాదికి ఒకసారి, వానలు వెనకపట్టాక, జేజి దాన్ని మిద్దె మీదికి తీసుకుపోయి ఎండకు వేసేది. కాకి వాలకుండా నేను కాపలా. అప్పుడు ఆమె ఒక్కొక్క బొమ్మనూ అరచేత్తో నిమిరి పేరు చెప్పేది. "ఇది మీ తాత పంచె. ఇది మీ పెద్దత్త ఓణీ. ఇది మీ చిన్నాయన అంగీ." ఏనుగు తాత, చిలక పెద్దత్త, ఎద్దు చిన్నాయన. ఒక చేప కూడా ఉండేది, పేరైనా పెట్టకముందే పోయిన పసిబిడ్డ చొక్కాది. అన్నీ కలిపి ఏడు బొమ్మలు.

మా ఇంట్లో నడవ గోడకు పూలదండలు వేసిన పటాలు ఉండేవి. తాత, పెద్దత్త, చిన్నాయన, ఇంకా ముగ్గురు. పసిబిడ్డకు ఫోటో లేదు కాబట్టి వాడి పేర ఒక చిన్న కృష్ణుడి పటం. వెరసి ఏడు. ఈ రెండు ఏడుల్ని కలపడానికి పెద్ద తెలివి అక్కరలేదు, నాకున్న పాటి చాలు. బొంతలోకి ఎక్కినవాళ్ళు గోడకు ఎక్కినవాళ్ళు. పోయినవాళ్ళ బట్టలు జేజి దాచుకుని బొమ్మలు చేస్తుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. బతుకు అతుకుల బొంత అని ఎవరైనా రాస్తే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. మా ఇంట్లో అది తిరగేసి ఉండేది, బొంతే బతుకుల అతుకు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మాఘమాసంలో, జ్వరం వచ్చింది. వచ్చింది పోలేదు. జేజి పుట్టినిల్లు జమ్మలమడుగు. అక్కడ మంచి ఆసుపత్రి ఉందని నన్ను ఆ ఇంటికే చేర్చి వైద్యం చేయించారు. ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. నుదుటిమీద తడిగుడ్డ, ఎవరో ఏడుస్తుంటే ఇంకెవరో కసరడం, నోట్లో చేదు. మూడు వారాలకు లేచి కూర్చున్నాను. ప్రొద్దుటూరికి వచ్చాక మొట్టమొదట అడిగింది నా దసరా పావడ ఏదని. పసుపుపచ్చ మీద ఎర్ర చుక్కలు. అమ్మ దాన్ని కుట్టినప్పుడు, ఎదిగే పిల్లనని, అంచుకు పైన రెండు మడతలు లోపలికి మడిచి కుట్టింది. టక్కులు అనేవాళ్ళం. ఉగాదికి ఒకటి విప్పితే పావడ నాతోపాటు పొడుగయ్యేది, పైఏడు ఇంకొకటి. ఆ రోజుల్లో ఆడపిల్లలం కొత్త బట్టలు తొడుక్కునే వాళ్ళం కాదు, ఉన్న బట్టల్నే విప్పుకుంటూ పెరిగేవాళ్ళం. "జ్వరం బట్టలు ఇంట్లో పెట్టుకోకూడదమ్మీ, కాల్చేసినాం," అంది అమ్మ నా వైపు చూడకుండా.

ఆ ఏడు వానలు పోయాక జేజి బొంతను మిద్దె మీద పరిచి, మెట్లు దిగి కిందికి వెళ్ళింది. నేను కర్ర పట్టుకుని కాపలా. ఏనుగు, చిలక, ఎద్దు, చేప. తర్వాత, ఒక మూలన, నాకు తెలియనిది ఒకటి. నాలుగు కాళ్ళు, తోక, పెద్ద చెవులు. పసుపుపచ్చ ఒళ్ళు, ఎర్ర చుక్కలు.

ఎండలో నిలబడి ఉన్నా ఒళ్ళు చల్లబడింది. కాకి వచ్చి వాలింది, నేను తోలలేదు. కాల్చేశామన్నది ఇక్కడికి ఎట్లా వచ్చింది? అమ్మ అబద్ధం చెప్పింది. అమ్మ అబద్ధం చెప్పిందంటే అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు. నేను పోబోయేదాన్ని.

కిందికి పరుగెత్తి నడవలో గోడ చూశాను. ఏడు పటాల పక్కన ఖాళీగా ఒక మేకు ఉంది. అది ఎప్పటినుంచో ఉందేమో, నేనే చూడలేదేమో. ఆ క్షణంలో మాత్రం దాన్ని నాకోసమే కొట్టారు. ఆ తర్వాత రోజుల్లో నా బాధలు చెబితే ఇప్పుడు నాకే నవ్వూ ఏడుపూ. పడుకుంటే కళ్ళు మూసేదాన్ని కాదు, మూస్తే పోయిందనుకుని దండ వేసేస్తారని. నా గోళీలు, రిబ్బన్లు పక్కింటి పిల్లలకు పంచిపెట్టేశాను. తర్వాత బతికిపోతానేమో అనిపించి సగం వెనక్కి అడిగాను. బళ్ళో నాలుగో తరగతి గ్రూపు ఫోటో తీసేరోజు నీళ్ళ తొట్టి వెనక దాక్కున్నాను. ఫోటో అంటూ ఉంటే కదా పటం కట్టేది! ఆ ఫోటోలో నేటికీ నేను లేను. అందులో ఉన్నవాళ్ళు కొందరు ఇప్పుడు లేరు.

ఎవరినీ అడగలేకపోయాను. అడిగితే ఔనంటారేమోనన్న భయం. చివరికి పిల్లబుద్ధికి ఒక ఉపాయం తోచింది. బొమ్మ ఉంటే కదా పోయేది, బొమ్మనే తీసేస్తే? ఒక మధ్యాహ్నం జేజి కునుకు తీస్తోంది. అంగట్లో దారాలు తెంపే చిన్న కత్తెర తెచ్చాను. పెట్టె మూత ఎత్తి, బొంత మూల బయటికి లాగి, నా బొమ్మ అంచు వెంట ఒక్కొక్క కుట్టే తెంపుతూ పోయాను. కర్పూరం వాసనకు కళ్ళు మండుతున్నాయి. బెత్తెడు మేర తెగింది. వీపు మీద దెబ్బ పడింది.

జేజి అంతకు ముందు నన్ను కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు. "యాడ కత్తెర పెడ్తాండావే! ఏం పని చేసినావే!" అంది. అరవలేదు. గొంతు అరిచేంత పైకి లేవలేదు. ఆమె ముఖం చూసి నా ఏడుపు ఆగిపోయింది. కోపం కాదు అది. నేను మిద్దె మీద ఎట్లా అయ్యానో అట్లా అయి ఉంది. ఇంట్లో అందరికన్నా పెద్దది భయపడితే పిల్లలు ఎవరి దగ్గరికి పోవాలి? కొంగులోంచి సూది తీసింది. దారం ఎక్కించబోతే చేయి వణికి ఎక్కలేదు. దారం కొసను నోటిలో తడుపుతుంది, తప్పిపోతుంది, మళ్ళీ తడుపుతుంది. చివరికి సూది నా చేతికిచ్చి, "ఎక్కియ్యి," అంది. నేను ఎక్కించాను. నా చావుకు నేనే దారం ఎక్కించి ఇచ్చానని ఆ సాయంత్రమంతా వణికిపోయాను.

చావలేదు, ఈ రాతే సాక్ష్యం. పదేళ్ళు నిండాయి, పదిహేను నిండాయి, భయం పల్చబడింది కానీ పోలేదు. జేజిని అడగనే లేదు. ఆమె పోయాక బొంత చిన్న కూతురి వెంట పులివెందుల చేరింది. ఆమే మా సరోజత్త, ఫోన్ చేసిన బావ వాళ్ళమ్మ. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయినా నేను బొంత పేరు ఎత్తలేదు.

ముద్దనూరు మీదుగా బస్సులో పోతూ, అరటితోటలు, చీనీతోటలు చూస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. అత్తకు ఇప్పుడు తొంభై. కళ్ళు సరిగా ఆనవు, నోరు మాత్రం బాగా ఆనుతుంది. నేను వెళ్ళేసరికి తిరుపతి నుంచి వచ్చిన మాధవి అనే ఆ అమ్మాయిని ముందు కూర్చోబెట్టుకుని పరీక్ష పెడుతోంది.

"బొంతలకు వయసు కట్టే సదువు గూడా ఉండాదా తల్లీ? నా వయసు ఆధార్ కార్డులో ఒగటి, రేషన్ కార్డులో ఒగటి. ముందు నాది తేల్చు."

"మీది తేల్చాలంటే మిమ్మల్ని విప్పి చూడాలి కదమ్మా," అంది మాధవి నవ్వుతూ.

"విప్పితే మల్లా కుట్టేదానికి మాయమ్మ ల్యాదు," అంది అత్త.

బావ పెట్టె మోసుకొచ్చి తెరిచాడు. వేపాకు, కర్పూరం. నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. మాధవి చేతులకు తొడుగులు వేసుకుంది. భూతద్దంతో పోగులు లెక్కపెట్టింది, రంగుల్ని చూసింది, బొమ్మల్ని ఒక్కొక్కటే పుస్తకంలో రాసుకుంది. ఏనుగు, చిలక, ఎద్దు, చేప. నా దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. "ఇది కుందేలా? ఉడుతా?" అంది. "పందికొక్కు," అంది అత్త. "గుర్తించలేని జంతువు" అని రాసుకుంది మాధవి. నా గురించి ఇంత నిజం ఇంతకు ముందు ఎవరూ రాయలేదు.

తర్వాత ఆమె చెప్పింది నాకు కొత్త. బొంత వయసు అందులోని పాత ముక్కతో తేల్చరట, అన్నింటికన్నా కొత్త ముక్కతో తేలుస్తారట. ఆ ముక్క పుట్టకముందు బొంత పూర్తయి ఉండదు కదా. "అన్నింటికన్నా కొత్తది ఇదే," అని నన్ను చూపించింది. ఈ వయసులో నన్ను కొత్తది అన్నారని సంతోషపడేలోపే, "ఈ గుడ్డ గురించి ఎవరికైనా తెలుసా?" అని అడిగింది.

"నాదే. దసరాకు కుట్టిన పావడ," అన్నాను. టక్కుల సంగతీ, ఉగాది సంగతీ చెప్పాను. ఆమె కళ్ళు మెరిశాయి. "అయితే ఇటు చూడండి. బొమ్మ పొట్టమీద అడ్డంగా రెండు ఉబ్బెత్తు గీతలు ఉన్నాయి కదా, ఇవి అందానికి పెట్టినవి కాదండీ. టక్కులు. రెండూ ఇంకా విప్పలేదు. అంటే దసరా తర్వాత, ఉగాదికి ముందు కత్తిరించారు. ఆ ఆరు నెలల్లోనే!"

"మాఘం," అన్నాను.

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"అప్పుడు నాకు జ్వరం."

ఆమె సంబరంగా రాసుకుంటోంది. నాకు మాత్రం అరవై ఏళ్ళ కిందటి మిద్దె మీద ఎండలో నిలబడినట్టే ఉంది. ఇంకా పాతబడని పావడ. ఎదగడానికని దాచిపెట్టిన మడత విప్పనేలేదు. అట్లాంటిదాన్ని ఎవరు కత్తిరిస్తారు? ఈ పిల్ల ఇక ఎదగదని తేల్చుకున్నవాళ్ళు. నేను ఊపిరి తీస్తుండగానే జేజి నన్ను పోయినవాళ్ళలో కలిపేసింది. చిన్నప్పుడు నేను భయపడింది పిచ్చిభయం కాదు, ముక్కకు ముక్క నిజం. నన్ను అంత ప్రేమగా పెంచిన మనిషి, నేను కళ్ళు తెరవకముందే నన్ను వదిలేసుకుంది. నీళ్ళు అడిగాను.

"అత్తా," అన్నాను, "నేను బతకనని జేజి ముందే అనుకునిందా? పోకముందే నన్ను ఆ సచ్చినోళ్ళ గుడ్డల్లో కలిపేసిందా?"

అత్త ముఖం నా గొంతు వైపు తిప్పింది. "సచ్చినోళ్ళ గుడ్డలా? ఎవురు సెప్పినారుమే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కనుక్కున్నా."

"శానా గొప్పగా కనుక్కున్యావులే. ఇట్నే సెప్పినావా ముప్పై ఏండ్లు పిల్లోల్లకు సదువు? సచ్చినోళ్ళ గుడ్డ ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారామ్మీ? మా నాయన పోయిన దినం, ఆయప్ప భుజం మీద తుండుగుడ్డతో సహా ఊరి బయటే ఇడిసిపెట్టి, తలకు పోసుకోని వచ్చినారు. మాయమ్మ ఒగ దారప్పోగు గూడా గడప దాటనీలే. ఆ బొమ్మలన్నీ వాళ్ళు బతికుండంగా కత్తిరించినవే."

ఆడపిల్లల్ని శ్మశానానికి తీసుకుపోరు. ఎవరి బట్టలు ఎక్కడ వదులుతారో నేనెప్పుడూ చూడలేదు, వినీ ఉండను. పెళ్ళయి, పిల్లల్ని కని, అత్తమామల్ని సాగనంపి, ఆ ఆచారం తెలిసిన తర్వాత కూడా, తెలిసిన ఈ సంగతిని ఎనిమిదేళ్ళ నా లెక్క దగ్గరికి తీసుకుపోయి సరిచూసుకోలేదు. భయం అట్లాంటిది. దాన్ని పెట్టెలో పెట్టి మూత వేస్తే తర్వాత నేర్చుకున్నదేదీ లోపలికి పోదు.

అత్త చెప్పుకుపోతోంది. "జమ్మలమడుగులో డాక్టరు ఇంగ రెండు దినాలు జూడాల, మన చేతుల్లో ఏం ల్యా అన్యాడు. మీ జేజి నన్ను బస్సెక్కించి ప్రొద్దుటూరికి తోలింది, పెట్టెలో బొంత తెమ్మని. తెచ్చినా. నీకు తెలివి ల్యా. నీ ఒంటి మీద పావడ ఉండంగానే కత్తెర పెట్టింది. మీయమ్మ వద్దత్తా వద్దత్తా అని ఒగటే ఏడుపు. ‘నోరు మూస్కో. ఒంటి మీద గుడ్డలోనే మనిషుంటాది,’ అని కసిరింది. నీ మంచం కాడ్నే కూచోని కుట్టింది. అన్నం తినలే, లేచింది ల్యా. ఆఖరి ముడి ఏసి, దారం పంటితో కొరికి, ‘కుట్టేసినా. ఇంగ యాడికి పోతాదో చూస్తా’ అనింది."

మాధవి రాయడం మానేసింది.

"మిగతా ఏడుగురికీ అంతేనా?" అన్నాను.

"అందరికీ అంతే. మా నాయనకూ అదే మాట, మాయక్కకూ అదే మాట. పసిబిడ్డకు కుడతాండంగానే అయిపోయింది. అయినా నిలిపేయలే, కుట్టేసింది."

"ఎవరూ నిలవలేదు కదత్తా."

"నిలవలేదు."

"మళ్ళీ నాకెందుకు కుట్టింది?"

"మల్ల ఏం జెయ్యాల?" అంది అత్త. కోపంగానే అంది.

ఏడుసార్లు తప్పిన చేయి అది. తప్పుతుందని ఆ చేతికన్నా బాగా ఎవరికీ తెలియదు. ఇప్పుడు నాకేదైనా అయితే బిడ్డలు రక్తపరీక్షలు చేయిస్తారు, రిపోర్టులు ఫోన్లో వస్తాయి, ఎవరు ఏం చేయాలో కాగితాల మీద రాసి ఉంటుంది. నేను వాటిని తప్పు పట్టను, వాటి వల్లే బతికి ఉన్నాను. జమ్మలమడుగులో కూడా నన్ను లేపింది మందులే, జేజి కుట్టు కాదు. ఆ మాట పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. కాని ఏమీ చేయలేని రెండు రోజుల్లో చేతులకు ఏం పని పెట్టాలో మా తరానికి ఎవరూ నేర్పలేదు. మేము ఆసుపత్రి వరండాల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటాం.

మాధవి మళ్ళీ భూతద్దం తీసింది. నా బొమ్మ అంచు దగ్గర ఆగింది. "ఇక్కడ బెత్తెడు మేర కుట్టు వేరేగా ఉందండీ. మందం దారం, రెండు పేటలు. వంకర టింకర. ఒకదాని మీద ఒకటి మూడు వరసలు. తర్వాతెప్పుడో పని రానివాళ్ళు ఎవరో బాగుచేసినట్టున్నారు. వేరే చెయ్యి అని రాసుకుంటాను."

"రాసుకోవద్దు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "అదే చెయ్యి. అదే ఏడాది. భయపడిన చెయ్యి, అంతే తేడా."

జరిగింది చెప్పాను, కత్తెరా, దెబ్బా, నేను ఎక్కించి ఇచ్చిన దారం. చెబుతుండగా ఆ మధ్యాహ్నం మొదటిసారి జేజి వైపు నుంచి కనపడింది. ఎనిమిది మందిలో నిలిచిన ఒక్కదాని కుట్లు, ఆ ఒక్కతే కూర్చుని, తెంపుతోంది. మేమిద్దరం ఒకే బొమ్మకు భయపడ్డాం. అది ఉంటే పోతానని నేను, ఊడితే పోతానని ఆమె. ఒకరికొకరం ఒక్క మాట చెప్పుకోలేదు.

మాధవి భూతద్దం పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "పాత రంగు ఎండ తగలని చోట చూస్తే మీరు చెప్పిన ఏడాదికి గుడ్డ సాక్ష్యం కూడా దొరుకుతుందండీ. ఈ మూల నాలుగు కుట్లు విప్పనిస్తారా? చూసి, నేనే మళ్ళీ కుట్టేస్తాను, తేడా తెలీకుండా," అంది.

"దాని బొమ్మ, దాని ఇష్టం," అంది అత్త.

నాలుగు కుట్లు. నేను చదువుకున్నదాన్ని. నాలుగు కుట్లకూ నాకూ ఏ సంబంధం లేదని ఎవరికైనా బల్ల గుద్ది చెప్పగలను. ఆ అమ్మాయి చేతిలో చిన్న కత్తెర మెరుస్తోంది.

"వద్దమ్మా," అన్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. కత్తెర సంచిలో పెట్టేసి, పుస్తకంలో రాసుకుంది: విప్పి చూడటానికి కుటుంబం ఒప్పుకోలేదు. కింద కారణం అని ఒక గడి ఉంది. పెన్ను దాని మీద ఆపి నా వైపు చూసింది. "ఏమని రాయమంటారు? పాత బొంత, చిరిగిపోతుందని రాయనా?"

"భయం అని రాయి తల్లీ," అన్నాను.